చౌకీదార్ వెళ్లిపోయిన తర్వాత

“నడుస్తుంది గదా బేటా! మంచిగ నడిచే మెషీన్‌ను పట్టుకొని ఖరాబైందంటే నేను కమిటీకి ఏం జవాబు చెప్పాలె?”

2025 ఏప్రిల్ చివర్లో మా మామూ ఫోన్లో అడిగిన మాట ఇది. మామూ మా ఊరి అంజుమన్‌కు సెక్రటరీ. అంజుమన్ పేరెందుకు లెండి. యతీమ్ పిల్లలకు, బేవా తల్లుల పిల్లలకు చదువుకోను వజీఫా ఇచ్చే చిన్న సంస్థ. ఒక గది, రెండు ఇనుప బీరువాలు, ఒక బల్ల, బల్ల కింద ఒక సర్వర్. దర్ఖాస్తులన్నీ ఆ సర్వర్లోనే. పిల్లల ఫోటోలు, ఆధార్ కాపీలు, మర్హూమ్ తండ్రి డెత్ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, తల్లి ఫోన్ నంబరు.

నేను హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే నౌకరీ చేస్తాను. ఆ నౌకరీ దాకా నన్ను తెచ్చింది కూడా ఆ వజీఫానే. అబ్బా పోయిన తర్వాత, 2015లో ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు, అమ్మీ నన్ను వెంటబెట్టుకొని ఆ గదికి పోయింది. నా కాగజాలు స్కాన్ చేసి ఎక్కించింది మా మొహల్లా భాయ్ ఒకరు. సర్వర్ పెట్టిందీ, ప్రోగ్రాం రాసిందీ ఆయనే. ఒక్క పైసా తీసుకోలేదు. తర్వాత రెండేళ్లకు జెద్దా వెళ్లిపోయారు. ఆయన వెళ్లిన రోజు నుంచి ఆ సర్వర్‌కు కరెంటు బిల్లు కట్టేవాళ్లున్నారు గానీ, దాని లోపలికి తొంగి చూసేవాళ్లు లేరు.

అందులో నడిచేది సెంటాస్ 7. ఉచితంగా దొరికే లినక్స్. 2014 జులైలో వచ్చింది. 2024 జూన్ 30న దానికి సపోర్టు ఆగిపోయింది. కమిటీలో కొత్తగా చేరిన ఒక పిల్లవాడు ఈ సంగతి చెప్పి, సర్వర్ మార్చాలన్నాడు. ఖర్చు లెక్క వేస్తే పది మంది పిల్లల ఏడాది వజీఫా అంత తేలింది. మామూ ఫోన్ చేసింది అందుకు. పది మంది పిల్లల ఫీజు ఆపి కంప్యూటర్ కొనడం ఏం ఇన్సాఫ్ అని ఆయన అడిగితే, నా దగ్గర వెంటనే జవాబు లేదు.

ఇలాంటి మామూలు మన ప్రతి ఊర్లోనూ ఉన్నారు. స్కూల్ నడిపేవాళ్లు, ట్రావెల్స్ నడిపేవాళ్లు, చిన్న దవాఖానా నడిపేవాళ్లు. మన ఇళ్లలో సర్వర్ల పని చేసే పిల్లలు కూడా హైదరాబాద్ నుంచి రియాద్ దాకా ఉన్నారు. ఈ రెండు రకాలవాళ్లూ ఒకరి మాట ఒకరు వినాలనే ఇది రాస్తున్నాను.

ముందు మామూ ప్రశ్నకు జవాబు. సపోర్టు ఆగడమంటే మెషీన్ ఆగడం కాదు. జులై 1 పొద్దున కూడా సెంటాస్ 7 అంతకు ముందు రోజులాగే నడిచింది. అదే దానిలోని ధోకా. కారు ఖరాబైతే పొగ వస్తుంది, చప్పుడు వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు కాపలా పోతే ఏ చప్పుడూ రాదు. ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ రాసినవాళ్లకే తెలియని కన్నాలు ఉంటాయి. ఏళ్ల తర్వాత ఎవరో ఒకరు వాటిని కనిపెడతారు. కనిపెట్టిన రోజున వాటిని పూడ్చి పంపేవాడే సపోర్టు ఇచ్చేవాడు. వాడు వెళ్లిపోయాక కన్నాలు దొరకడం ఆగదు, పూడ్చడం ఒక్కటే ఆగుతుంది.

ఎంత తొందరగానో చూడండి. సెంటాస్ 7 సపోర్టు జూన్ 30న ముగిసింది. సరిగ్గా మర్నాడు, 2024 జులై 1న, రెండు ఖబర్లు వచ్చాయి. ఒకటి, దూరం నుంచి సర్వర్లోకి వెళ్లడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో పెద్ద లొసుగు. సెంటాస్ 7లో ఉన్నది 7.4 అనే పాత వెర్షన్. ఆ లొసుగు దానిలో లేదు. “చూశారా, పాతదే మంచిది” అని కొందరు ఖుష్ అయ్యారు కూడా. కానీ అదే రోజు రెండో ఖబర్ ఉంది. వెబ్‌సైట్లు నడిపే అపాచీ 2.4.60 విడుదలైంది, దానికి ముందున్న వెర్షన్లలోని ఎన్నో లొసుగులను పూడుస్తూ. సెంటాస్ 7లో ఉన్నది అపాచీ 2.4.6. ఆ లొసుగుల్లో ఒకదాన్ని నిజంగానే దాడులకు వాడుతున్నారని 2025లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ తన జాబితాలో ఎక్కించింది. ఒక ఖబర్‌లో తప్పించుకున్నది నసీబ్ వల్ల. రెండో దాంట్లో నసీబ్ లేదు. నసీబ్‌ను భద్రత అనుకోవద్దు.

ఆదివారం బస్సెక్కి ఊరు పోయాను. సర్వర్ ముందు కూర్చుంటే ఆ కొత్త పిల్లవాడు ఒక మాట చెప్పాడు. “ఆపా, మొదట అప్‌డేట్ కొడితే ఎర్రర్ వచ్చింది. నెట్‌లో చూసి అడ్రస్ మార్చిన. ఇప్పుడు అప్‌డేట్లు ఏమీ లేవంటుంది. అంటే అంతా సేఫే కదా?”

పాపం, వాడి గల్తీ కాదు. సపోర్టు ఆగాక సెంటాస్ 7 ప్యాకేజీలను పాత సామాన్ల గోదాములాంటి చోటికి మార్చారు. వాడు మార్చిన అడ్రస్ ఆ గోదాముది. అక్కడ కొత్త సరుకు ఎన్నటికీ రాదు. అందుకే “ఏమీ లేవు” అన్న జవాబు వస్తుంది. సపోర్టు ఉన్న మెషీన్ చెప్పే “ఏమీ లేవు” వేరు, లేని మెషీన్ చెప్పే “ఏమీ లేవు” వేరు. మొదటిది ఖైరియత్, రెండోది ఖబర్ తెచ్చేవాడు లేకపోవడం.

ఇంకో సంగతి కూడా వాడికి చెప్పాను. వెర్షన్ నంబరు చూసి భయపడనూ వద్దు, ధైర్యపడనూ వద్దు. ఆ సర్వర్లో పీహెచ్‌పీ 5.4 ఉంది. దాన్ని తయారు చేసినవాళ్లు 2015 సెప్టెంబరులోనే వదిలేశారు. అయినా రెడ్‌హ్యాట్ కంపెనీ ముఖ్యమైన లొసుగులకు అతుకులు తయారుచేసి పాత నంబరుకే వేస్తూ వచ్చింది. సెంటాస్ వాటినే తీసుకునేది. అందుకని “ఇది ఎంత పాతది?” అని అడిగితే చాలదు. “దీనికి ఈరోజు అతుకు వేసే మనిషి ఎవరు?” అని అడగాలి. 2024 జూన్ 30 దాకా ఆ ప్రశ్నకు జవాబు ఉండేది. ఆ తర్వాత లేదు.

తర్వాత పిల్లల ఫోటోలుండే ఫోల్డర్ తెరిచాను. వందల ఫోటోల మధ్య ఒక ఫైలు ఫోటో కాదు. చిన్న పీహెచ్‌పీ ప్రోగ్రాం. బయట కూర్చున్న ఎవడో ఏ హుకుం పంపితే ఆ హుకుం నడిపించే ప్రోగ్రాం. మా అంజుమన్‌లో ఎవరూ పెట్టింది కాదు.

చేతులు చల్లబడ్డాయి. ఆ ఫైలు మీద తారీఖు 2024 నవంబరుది. కానీ తారీఖు మార్చడం అలాంటివాళ్లకు పెద్ద పని కాదు. లాగులు చూద్దామంటే, సెంటాస్ మామూలుగా నాలుగు వారాల లాగులే దాచి పాతవి తీసేస్తుంది. ఎవరూ ఆ సెట్టింగ్ మార్చలేదు. ఎప్పుడు వచ్చాడు, ఏం చూశాడు, ఏం ఎత్తుకుపోయాడు, తెలుసుకునే దారి లేదు. నా పదిహేడేళ్లప్పటి ఫోటో, అబ్బా డెత్ సర్టిఫికెట్ కూడా అందులోనే ఉన్నాయి. పోయాయని చెప్పలేను. పోలేదనీ చెప్పలేను. దొంగతనం కంటే ఇది ఎక్కువ పరేషాన్ చేసింది నన్ను.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఆ ఫైలు సెంటాస్ లొసుగులోంచి వచ్చిందని నేననుకోను. భాయ్ రాసిన ఫారంలో, పంపింది ఫోటోనా కాదా అని చూసే తనిఖీ లేదు. సపోర్టు ఉన్న రోజుల్లో కూడా ఆ దర్వాజా తెరిచే ఉంది. మరి సపోర్టు గురించి ఈ గొడవ ఎందుకంటారా? రెండింటికీ మూలం ఒక్కటే. ఆ సర్వర్‌కు జిమ్మేదార్ లేడు. జిమ్మేదార్ ఉంటే సపోర్టు ముగిసే తారీఖు పదేళ్ల ముందే తెలిసేది, నెలకోసారి లాగు చూసేవాడు, ఆ ఫారంను ఎవరికైనా చూపించేవాడు. తాలా పాతదవడం చిన్న ఖత్రా. చాబీ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకపోవడం పెద్ద ఖత్రా. నేను ఈ రాతలో చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కంపెనీ వెళ్లిపోయిన రోజున కంపెనీ పని ఆగిపోదు. అది మన మీద పడుతుంది. మన అంటే అందరూ కాదు, పేరున్న ఒక మనిషి.

“మన చిన్న అంజుమన్ మీద ఎవడు పడతాడు బేటా?” అన్నారు మామూ. ఎవడూ మనల్ని ఎంచుకోడు మామూ. వాళ్ల ప్రోగ్రాములు రాత్రీ పగలూ ఇంటర్నెట్‌లోని ప్రతి అడ్రస్‌నూ తట్టి చూస్తాయి. తెరుచుకున్న ఇంట్లో దూరుతాయి. ఆ ఇల్లు బ్యాంకుదా, అంజుమన్‌దా అన్నది తర్వాతి మాట. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే ఇచ్చింది. 2014 ఏప్రిల్‌లో సపోర్టు ఆగిన విండోస్ ఎక్స్‌పీకి మాత్రం ఆ ప్యాచ్ దాడి మొదలయ్యాకే వచ్చింది. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో 19 వేలకు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అంచనా వేశారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. కానీ గమనించండి, దెబ్బ తిన్నవాటిలో ఎక్కువ భాగం ఎక్స్‌పీ కాదు, అప్పటికి సపోర్టు ఉన్న విండోస్ 7. ప్యాచ్ వచ్చింది, వేసే మనిషి లేడు. అక్కడా అదే మాట.

“అవసరమైతే కంపెనీయే మళ్లీ వచ్చి చూసుకుంటుంది” అనేవాళ్లూ ఉన్నారు. విండోస్ సర్వర్ 2003కు సపోర్టు 2015 జులై 14న ఆగింది. 2017 మార్చిలో దానిలోని వెబ్ సర్వర్‌లో ఘోరమైన లొసుగు బయటపడింది. అప్పటికే దాన్ని దాడులకు వాడుతున్నారు. సపోర్టు అయిపోయింది కనుక ప్యాచ్ వెంటనే రాలేదు. జూన్‌లో, వానాక్రై గోల తర్వాత ఇచ్చారు. మూడు నెలలు దర్వాజా తెరిచి ఉంది. వస్తే మెహర్‌బానీ, రాకపోతే అడిగే హక్కు లేదు.

ఇప్పుడు నా తోటి నౌకరీవాళ్లకు ఒక మాట. “సపోర్టు పోయిందా? పీకి పారెయ్యండి, కొత్తది కొనండి” అని చెప్పడం సులువు. మనం పెద్ద కంపెనీల్లో జీతాలు తీసుకుంటూ ఆ మాట చెబుతాం. పది మంది పిల్లల ఫీజుతో తూకం వేసే మామూకు అది సలహా కాదు, తాన. పైగా తారీఖులు కూడా మన చేతిలో లేవు. సెంటాస్ 8ను 2029 దాకా చూస్తామన్నారు. 2020 డిసెంబరులో మాట మార్చి 2021 చివరికే ముగించారు. నమ్మి పెట్టుకున్నవాళ్లది ఏం గల్తీ? పాత ప్రోగ్రాంను కొత్త మెషీన్ మీదికి ఎక్కించడం కూడా ఒక రాత్రి పని కాదు. మా భాయ్ రాసిన ప్రోగ్రాం డేటాబేస్‌తో మాట్లాడే పాత పద్ధతిని 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. కొత్త సర్వర్లో అది ఒక్క పేజీ కూడా తెరవదు. తిరగరాయాలి. మజ్బూరీ నిజమైనదే.

అందుకే నేను పాత సర్వర్‌ను ఒక్కరోజు కూడా ఉంచకూడదని అనను. ఉంచండి. కానీ షర్తుల మీద ఉంచండి.

మొదటి షర్తు, దాన్ని బజారులోంచి ఇంట్లోకి తీసుకురండి. బయటి నుంచి నేరుగా అందకూడదు. లోపలివాళ్లే వాడేదైతే ఇంటర్నెట్ తీగ పీకేయండి. బయటివాళ్లకు కావాల్సిందే అయితే, ముందు ఒక చిన్న కొత్త సర్వర్ నిలబెట్టి, వచ్చే ప్రతి మాటా దాని ద్వారానే లోపలికి వెళ్లేలా చేయండి. పాత సర్వర్ కూడా తనంతట తాను బయటికి మాట్లాడకుండా ఫైర్‌వాల్‌లో ఆపండి. దొంగ లోపలికి వచ్చినా సామాను బయటికి మోయడం కష్టమవుతుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: ముందు కొత్తది నిలబెట్టినంత మాత్రాన ఫారంలో ఉన్న కన్నం పూడదు. దాన్ని విడిగా పూడ్చాల్సిందే.

రెండోది, సామాను తగ్గించండి. అక్కర్లేని ప్రోగ్రాములు, వాడని లాగిన్లు, పాత అడ్మిన్ పేజీలు తీసేయండి. అన్నిటికంటే ముందు పాత కాగజాలు. పదేళ్ల కింద చదువైపోయిన పిల్ల ఆధార్ కాపీ ఇంకా ఎందుకు? లేని వస్తువును ఎవడూ ఎత్తుకుపోలేడు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మూడోది, బ్యాకప్. మెషీన్‌కు తగిలించి ఉంచిన డిస్కు బ్యాకప్ కాదు, దాడి వస్తే రెండూ పోతాయి. విప్పి వేరే చోట పెట్టండి. మూడు నెలలకోసారి దాన్నుంచి తిరిగి తెచ్చుకొని చూడండి. తెరిచి చూడని బ్యాకప్ మీద ఎతబార్ పెట్టుకోవద్దు.

నాలుగోది, లాగులు ఎక్కువ రోజులు దాచండి, వేరే మెషీన్ మీద. కంపెనీలు, సర్వీసు ప్రొవైడర్ల లాంటి సంస్థలు 180 రోజుల లాగులు దాచాలనీ, దాడి తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలనీ 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో, తగిన జాగ్రత్త తీసుకోనివాళ్లకు జుర్మానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న సంస్థకు అంత వేస్తారని కాదు. పరాయివాళ్ల కాగజాలు మన దగ్గర ఉండటం మామూలు విషయం కాదని చట్టం కూడా చెబుతోందని.

ఐదోది, పైసలు పెట్టగలిగితే సపోర్టును కొనుక్కునే దారి ఉంది. రెడ్‌హ్యాట్ తన 7వ వెర్షన్‌కు, మైక్రోసాఫ్ట్ సర్వర్ 2012కు, అసలు గడువు తర్వాత కూడా కొన్నేళ్లు పైసలకు ప్యాచ్‌లు ఇచ్చే ఇంతెజామ్ పెట్టాయి. అది కిరాయికి తెచ్చుకున్న సమయం. సమయంలో పని చేయకపోతే కిరాయి దండగ.

ఆఖరి షర్తు లేకపోతే మిగతా ఐదూ దండగ. ఒక కాగితం మీద ఒక పేరు, ఒక తారీఖు. ఎవరు చూస్తారు, ఏ రోజుకల్లా దీన్ని తీసేస్తారు. “చూద్దాం”, “వచ్చే ఏడాది” అనేవి తారీఖులు కావు.

మా అంజుమన్‌లో ఆ ఆదివారమే సర్వర్ తీగ పీకాం. డిస్కుకు నకలు తీసి తాళం వేశాం. ఆ ఏడాది దర్ఖాస్తులు కాగితం మీదే తీసుకున్నారు. భాయ్‌కి జెద్దాకు ఫోన్ చేస్తే ఆయన గొంతు పడిపోయింది. “నేను చిన్నపిల్లాడిని అప్పుడు, తెల్వక రాసిన బహెన్” అన్నారు. మీరు రాసిన దానితోనే నేను చదువుకున్నా భాయ్ అన్నాను. అది ఓదార్పు కోసం చెప్పింది కాదు. కొత్త ప్రోగ్రాంను ఆయనే, రాత్రి డ్యూటీ అయ్యాక కూర్చుని తిరగరాశారు. కొత్త పిల్లవాడు పరీక్షించాడు. సర్వర్ నేను పెట్టాను. ఖర్చు పది మంది పిల్లల ఫీజు నుంచి ఇద్దరి ఫీజుకు దిగింది. ఆ ఇద్దరిదీ మామూ చందా అడిగి తెచ్చారు.

గొడవ జరిగింది వేరే మాట మీద. ఆ కుటుంబాలకు చెప్పాలా వద్దా అని. బైఠక్‌లో సగం మంది వద్దన్నారు. బద్నామ్ అవుతాం, రేపు చందా ఎవరిస్తారు, పోయిందని సబూత్ కూడా లేదు కదా అన్నారు. నేను ఒక్కటే అన్నాను. ఆ కాగజాలు మన జాయ్‌దాద్ కాదు, అమానత్. అమానత్‌కు ఏమైందో తెలియకపోతే, తెలియదని చెప్పడం కూడా మన జిమ్మేదారీ. బేవా తల్లికి రేపు బ్యాంకు పేరుతో ఎవడో ఫోన్ చేసి, ఆమె మర్హూమ్ భర్త పేరు, పిల్ల పేరు, ఖాతా నంబరు చెప్పి ఓటీపీ అడిగితే, ఆమె నమ్మదా? ముందే తెలిస్తే నమ్మదు. మన ఇజ్జత్ కాపాడుకోను ఆమె ఆ ఒక్క హుషారీ కూడా పోగొట్టుకోవాలా?

మామూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రిజిస్టర్ ముందేసుకొని, తనే ఒక్కొక్క నంబరూ తిప్పడం మొదలుపెట్టారు. మొదటి ఫోన్ మా అమ్మీకి. అమ్మీ అంతా విని, “చెప్పి మంచి పని చేసినవ్ భయ్యా” అన్నది. తిట్టినవాళ్లూ ఉన్నారు. తిట్టే హక్కు వాళ్లకుంది. చందా మాత్రం ఆగలేదు.

కొత్త సర్వర్లో అల్మాలినక్స్ 9 ఉంది. దానికి భద్రతా అప్‌డేట్లు 2032 మే 31 దాకా వస్తాయి. ఆ తారీఖును మామూ బీరువా తలుపు లోపలి వైపు, గది కిరాయి కట్టే తారీఖుల కింద, పెద్ద అక్షరాలతో రాసి అతికించారు. పక్కన ఆ కొత్త పిల్లవాడి పేరు.

“అప్పటికి నేనుంటనో లేదో బేటా” అన్నారు.

వాడు కూడా అప్పటికి ఏ జెద్దాలోనో ఉండొచ్చు మామూ. అందుకే ఆ పేరు కింద ఇంకో పేరుకు జాగా వదలమన్నాను.